బైక్‌కి పెద్ద విండ్‌షీల్డ్ వేస్తే గాలి తగ్గుతుందా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

శనివారం సాయంత్రం మా షాపులో వినిపించే మాట ఒకటే. “అన్నా, గాలి మస్తు కొడుతుంది. దీనికంటే పెద్ద షీల్డ్ ఉందా?” తెల్లారితే శ్రీశైలం రైడ్. షట్టర్ దించే టైముకి హడావిడిగా వస్తారు. అడిగింది ఇచ్చి పంపిస్తే నాకు బేరం అయిపోతుంది. కానీ వాళ్లలో చాలామందికి కావాల్సింది పెద్ద షీల్డ్ కాదు, చిన్నది. ఆ మాట చెబితే, సరుకు లేక తప్పించుకుంటున్నానని అనుకుంటారు.

అపోహ: షీల్డ్ ఎంత ఎత్తుంటే గాలి అంత తక్కువ

జేబుకి పెద్ద చిల్లు పెట్టేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. షీల్డ్ గాలిని ఆపదు, దారి మళ్లిస్తుంది. వాగులో బండరాయి దాకా నీళ్లు నున్నగా వచ్చి, దాని వెనక సుడులు తిరుగుతాయి చూడండి. షీల్డ్ పై అంచు దాటిన గాలి పరిస్థితి కూడా అంతే. ఆ సుడులు హెల్మెట్‌కి తగిలితే తల దడదడా ఊగుతుంది, చెవుల్లో హోరు, గంట తిరిగేసరికి మెడ పట్టేస్తుంది. దీన్నే బఫెటింగ్ అంటాం.

అసలు షీల్డ్ లేని బైక్ మీద గాలి ఛాతీని నెడుతుంది గానీ, హెల్మెట్‌కి తగిలేది చాలావరకు నున్నటి గాలే. అందుకే అలసట ఉంటుంది, తల ఊగడం తక్కువ. అలాంటి బండికి షీల్డ్ వేసి నాలుగు అంగుళాలు పెంచారంటే, భుజాల దగ్గరుండే సుడుల్ని తీసుకొచ్చి నుదుటికి తగిలించుకున్నట్టే. ఇంకా పెంచితే తగ్గొచ్చు, కానీ అప్పుడు రోడ్డుని షీల్డ్‌లోంచే చూడాలి. ఆ కష్టం వేరే.

గచ్చిబౌలిలో పనిచేసే ఒక తమ్ముడు అడ్వెంచర్ బైక్ తీసుకొచ్చాడు. ముందు ఎత్తు షీల్డ్ కొన్నాడు. తగ్గకపోతే దాని మీద క్లిప్ ఎక్స్‌టెన్షన్ పెట్టాడు. అదీ అయ్యాక ఖరీదైన హెల్మెట్. మధ్యలో ఎవరో కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) పోయిందంటే అదీ మార్పించాడు. మెడ నొప్పి తగ్గక, డిస్క్ ఏమైనా జరిగిందేమో అని భయపడి స్కానింగ్ దాకా వెళ్లాడు. పాపం, మనిషి నిజంగా టెన్షన్‌లో ఉన్నాడు. “షీల్డ్ ఇక్కడే విప్పేసి చేవెళ్ల దాకా వెళ్లి రా తమ్ముడూ” అన్నాను. అక్కడి నుంచే ఫోన్ చేశాడు. “అన్నా, గాలి ఉంది గానీ తల ఊగట్లేదు!” తర్వాత కంపెనీ షీల్డే తిరిగి పెట్టి, కింద స్పేసర్లు, అంటే ఎడం కోసం పెట్టే చిన్న బిళ్లలు, వేసి కొంచెం ఖాళీ వదిలాం. షీల్డ్ వెనక ఒత్తిడి తక్కువగా ఉంటుంది, అందుకే పై గాలి లోపలికి మడత పడుతుంది. కింది సందులోంచి కాస్త గాలి పోనిస్తే ఆ మడత తగ్గుతుంది. ఎత్తు షీల్డ్, ఎక్స్‌టెన్షన్ రెండూ ఇప్పటికీ అతని అటకమీదే ఉన్నాయి.

కొనేముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఖాళీ హైవేలో, తిన్నటి రోడ్డు మీద, ఒకే వేగంలో వెళ్తూ సీటు మీంచి కొంచెం లేవండి. తల కుదురుకుందంటే మీకు పొట్టి షీల్డ్ కావాలి. వంగినప్పుడు కుదురుకుంటే ఎత్తుది. రాణిగంజ్ సందుల్లో ట్రయల్ వేసి “బాగుంది” అనుకోకండి. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగు రెట్లవుతుంది. 50లో తెలియనిది 100లో తెలుస్తుంది.

కొలత తీసుకోవాలంటే షూ, హెల్మెట్ వేసుకుని, గంట నడిపాక ఎలా కూలబడతారో అలాగే కూర్చోండి. పక్కనున్నవాళ్లతో కంటి చూపు దగ్గర మాస్కింగ్ టేపు అంటించమనండి. షీల్డ్ అంచు దానికి రెండు మూడు అంగుళాల కింద, అంటే ముక్కు ఎత్తులో రావాలి. చూపు అంచు మీదుగా పోవాలి, షీల్డ్‌లోంచి కాదు. పొద్దున్నే విజయవాడ హైవే ఎక్కి చూడండి, ఎదురెండకి షీల్డ్ మీద ఒక్కో గీతా మెరుస్తుంది. వానలో అయితే దానికి వైపర్ కూడా లేదు. నల్ల షీల్డ్‌లోంచి రాత్రి రోడ్డు చూడటం గురించి వేరే చెప్పక్కర్లేదు.

మీ ఫ్రెండ్‌కి అదే బైక్ మీద బ్రహ్మాండంగా ఉందా? ఉండొచ్చు. అతని నడుం పైభాగం ఎత్తు వేరు, మీది వేరు.

అపోహ: గట్టిగా బిగిస్తే ఊగదు

ఊగదు, పగులుతుంది. బోల్టు రంధ్రం చుట్టూ వెంట్రుకంత సన్నని తెల్లగీతలు కనిపిస్తున్నాయా? బిగింపు ఎక్కువైందన్నమాట. రబ్బరు బుష్, నైలాన్ వాషర్ పారేయకూడదు. అన్ని బోల్టులూ ముందు చేత్తో తిప్పి, తర్వాత కొంచెం కొంచెంగా బిగించాలి. వదులవుతుందని థ్రెడ్‌లాకర్ (బోల్టు మరల్లో వేసే జిగురు) పోసేవాళ్లున్నారు, అది ప్లాస్టిక్‌కి తగిలితే బీటలు తెస్తుంది.

తుడవడానికి అమోనియా ఉండే గ్లాస్ క్లీనర్లు, పెట్రోల్ వద్దు. పొడిగుడ్డ అసలే వద్దు, మన సిటీ దుమ్ము గీతలు పెట్టేస్తుంది. తడిగుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచితే పురుగుల మరకలు వాటంతటవే వదులుతాయి.

అపోహ: మాంజా నుంచి కాపాడుతుంది

సంక్రాంతి ముందు ఇదొక సీజన్. నైలాన్ మాంజాని 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది, ఇంకా దొరుకుతూనే ఉంది. వాలుగా ఉన్న షీల్డ్ మీద దారం పైకి జారి మెడ దగ్గరికే రావొచ్చు. మెడకి గార్డ్ వేసుకోండి, షీల్డ్‌ని నమ్ముకోవద్దు.

మైలేజ్ పెరుగుతుందా, పడిపోతుందా? సిటీలో తేడా తెలియదు, వదిలేయండి. షీల్డ్ వేశారని చలాన్ రాస్తారా? మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రధానంగా పట్టించుకునేది ఆర్‌సీలో ఉన్న వివరాలు మారే మార్పుల్ని. హెడ్‌లైట్, ఇండికేటర్లు, నంబర్ ప్లేట్ కప్పకుండా చూసుకోండి.

అపోహ: పడితే ముక్కలు గొంతులో దిగుతాయి

మొన్న ఒకమ్మ కొడుకు బండి వెనకే ఆటోలో వచ్చి అడిగింది, “ఆ అద్దం పగిలితే పిల్లాడి గొంతు కోసుకుపోదా నాయనా?” అద్దం కాదమ్మా, పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్. హెల్మెట్ వైజర్లు చేసేది కూడా దీంతోనే. వంగుతుంది, తేలిగ్గా ముక్కలవదు. చవకగా దొరికే అక్రిలిక్ మాత్రం విరిగితే వాడి అంచులొస్తాయి. షాపుల్లో రెండింటినీ ‘ఫైబర్’ అనే అమ్ముతారు, అడిగి తీసుకోండి.

ఆమె అడగని ప్రమాదం ఇంకోటుంది. హ్యాండిల్‌కి క్లాంప్ చేసే షీల్డ్ గాలి తోపుని నేరుగా స్టీరింగ్‌కి పంపిస్తుంది. పక్కనుంచి లారీ దూసుకుపోతే హ్యాండిల్ లాగినట్టుంటుంది. బిగించాక హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి, ట్యాంకుకి తగలడం లేదని, కేబుళ్లు, బ్రేక్ హోస్ లాగడం లేదని మీ కళ్లతో చూసే షాపు నుంచి బయటికి రండి. హైవేలో హ్యాండిల్ వణికితే గట్టిగా పట్టుకోకుండా మెల్లగా యాక్సిలరేటర్ వదలండి. బండి ఆపాక షీల్డ్ అక్కడే విప్పేయండి, స్పానర్ మాత్రం సీటు కింద ఉండాలి.