పొట్టి కుందేలు అసలు కుందేలే కాదు

తెలుగు బైబిల్లో లేవీయకాండం 11వ అధ్యాయం శ్రద్ధగా చదివినవాళ్లకి ఒక అనుమానం వచ్చే ఉంటుంది. తినకూడని జంతువుల్లో ముందు పొట్టి కుందేలు వస్తుంది, ఆ తర్వాతి వచనంలోనే మళ్లీ కుందేలు వస్తుంది. రెండూ ఒకటే అయితే విడివిడిగా చెప్పడం ఎందుకు? మొదటిది కుందేలు కాదు, అదీ సంగతి.

హీబ్రూలో దాని పేరు షాఫాన్. ఇప్పుడు ఇంగ్లిష్‌లో రాక్ హైరాక్స్ అంటారు. ఆఫ్రికాలో చాలాచోట్ల, ఇజ్రాయెల్, జోర్డాన్, అరేబియా కొండల్లో బండల మధ్య గుంపులుగా బతుకుతుంది, మన దేశంలో మాత్రం లేదు. చూడ్డానికి బాగా బలిసిన పందికొక్కులా ఉంటుంది గానీ తోక కనిపించదు, చెవులు చిన్నవి, బరువు నాలుగు కిలోల చుట్టుపక్కల. ఇప్పుడు బతికున్న జంతువుల్లో దీనికి దగ్గరి చుట్టాలెవరంటే ఏనుగులు, సముద్రంలో గడ్డి మేసే డుగాంగ్‌లు! పై పళ్లు రెండు ఏనుగు దంతాల్లాగే పెరుగుతూనే ఉంటాయి, అంత చిన్న జంతువు ఏడు నెలలకు పైగా కడుపు మోస్తుంది.

ఈ జంతువు లేని చోట్ల ఉన్నవాళ్లు దాని పేరు తమ భాషలోకి మార్చాల్సి వచ్చినప్పుడు చిక్కు మొదలైంది. గ్రీకు అనువాదకులు పందిని గుర్తుచేసే ఒక మాట పెట్టారు. లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ ఒకచోట ఆ గ్రీకు మాటనే ఉంచేశాడు, సామెతల్లో కుందేలు పిల్ల అన్నాడు, కీర్తనల్లో ముళ్లపంది ఉండిపోయింది. చిత్రమేమిటంటే ఆయన బెత్లెహేములోనే ఉండేవాడు, అది ముళ్లపంది కాదనీ, ఎలుకనీ ఎలుగుబంటినీ పోలిన జంతువనీ ఒక ఉత్తరంలో తనే రాశాడు. అంటే ఆయనకు జంతువు తెలుసు, లాటిన్‌లో దానికి మాట లేదు.

బైబిల్‌ని జర్మన్‌లోకి తెచ్చిన లూథర్ కుందేలుకు వాడే మాటే పెట్టాడు. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో అది కోనీ అయింది. ఆ రోజుల్లో కోనీ అంటే ఇంగ్లండ్‌లో బొరియలు తవ్వుకునే మామూలు కుందేలు, ర్యాబిట్ అంటే దాని పిల్ల మాత్రమే. తర్వాత ర్యాబిట్ అన్న మాట పెద్దవాటికీ వచ్చేసింది, కోనీ వాడుకలోంచి దాదాపు పోయి బైబిల్లోనూ, న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్ లాంటి ఊరి పేర్లలోనూ మిగిలింది. ఆ బొరియల కుందేలు సొంత ఊరు స్పెయిన్ వైపు, పాలస్తీనా కొండల్లో అది లేనే లేదు. మన తెలుగులోకి కుందేలు వచ్చింది కూడా ఈ దారినే అని నా నమ్మకం.

పేరు తప్పితే ఏం పోయిందిలే అనుకోవచ్చు. చాలా పోయింది, సామెతలు 30వ అధ్యాయం చూడండి. చిన్నవే అయినా తెలివిగల జీవులు నాలుగు అంటూ చీమ, మిడత, బల్లితో పాటు దీన్నీ చెబుతారు, బలం లేకపోయినా బండసందుల్లో ఇల్లు కట్టుకుంటుందని. అక్కడ తెలుగులో చిన్న కుందేళ్లు అని ఉంది, చదివేవాడికి కుందేలు బండల్లో ఎందుకుంటుందో అర్థం కాదు. హైరాక్స్‌ని ఊహించుకుని చదివితే ప్రతి మాటా అతుకుతుంది. దానికి తవ్వే గోళ్లు లేవు, దేవుడిచ్చిన పగుళ్లే దాని ఇల్లు. అరికాళ్లు మెత్తగా, చెమటతో తడిగా ఉండి నున్నటి రాతిని కూడా పట్టుకుంటాయి. పొద్దున్నే గుంపంతా ఎండలో ఒళ్లు కాచుకుంటుంటే ఒకటి కాపలా కాస్తుంది, గద్ద కనిపిస్తే కీచుమని అరుస్తుంది, అంతే, క్షణంలో అన్నీ సందుల్లోకి. ఆ వచనం రాసినవాడు వాటిని కళ్లారా చూసి రాశాడు.

శాస్త్రవేత్తలూ మెరుగేం కాదు. 1766లో పల్లాస్ అనే ఆయన దీన్ని గినీపిగ్‌ల జాతిలో చేర్చాడు. 1783లో హెర్మన్ పెట్టిన హైరాక్స్ పేరుకి గ్రీకులో అర్థం చుంచెలుక. దక్షిణాఫ్రికాలో డాసీ అంటారు, అది డచ్ భాషలో బ్యాడ్జర్‌కి, అంటే బొరియలు తవ్వుకునే ఇంకో జంతువుకి, ముద్దుపేరు. దీంతో కలిసి బతికినవాళ్లకే సొంత మాటలున్నాయి, హీబ్రూలో షాఫాన్, అరబిక్‌లో వబ్ర్. నన్నడిగితే తెలుగులో కొత్త అనువాదం చేసేవాళ్లు హైరాక్స్ అనే రాసి కింద రెండు వాక్యాల వివరణ ఇస్తే చాలు, కుందేలుని మాత్రం వదిలేయాలి.

కొత్త ఇంగ్లిష్ బైబిళ్లలో కొన్ని ఇప్పటికే హైరాక్స్ అని, కొన్ని రాక్ బ్యాడ్జర్ అని మార్చుకున్నాయి. కానీ ఈలోగా ఆ తప్పు తిరిగి పుట్టింటికే చేరింది. యూరప్‌ నుంచి వచ్చిన యూదుల ద్వారా కుందేలు అర్థం హీబ్రూలోకీ వచ్చేసింది. ఇవాళ ఇజ్రాయెల్‌లో పిల్లల మామూలు మాటల్లో షాఫాన్ అంటే కుందేలే. కొండల మీది అసలు షాఫాన్‌ని చెప్పాలంటే షఫాన్ సెలా, అంటే బండల షాఫాన్ అని విడదీసి చెప్పాల్సి వస్తోంది.