అరిజోనా ఎడారిలో నడకలు, సంరక్షణ పని: అపోహలు - వాస్తవాలు

ఫీనిక్స్, చాండ్లర్, స్కాట్స్‌డేల్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. నవంబరులో ఎండ తగ్గగానే శనివారం పొద్దున్నే ఏదో ఒక కొండ ఎక్కడం అందరికీ అలవాటైపోయింది. ఆ కొండల్లో చాలా భాగం సంరక్షిత భూమి. స్కాట్స్‌డేల్ నగరానికి చెందిన మెక్‌డొవెల్ సొనోరన్ ప్రిజర్వ్‌నే తీసుకోండి. 30,000 ఎకరాలకు పైగా భూమి, 225 మైళ్ళకు పైగా కాలిబాటలు. ఇళ్ళ ప్లాట్లుగా మారకుండా ఆ భూమిని కొనడానికి 1995లో నగర ఓటర్లు తమ మీద తామే అమ్మకపు పన్ను వేసుకున్నారు. బాటల బాగోగులు, నడకలు నడిపించడం, కలుపు తీయడం వంటి పనుల్లో ఎక్కువ భాగం చూసేది స్టీవార్డులని పిలిచే వలంటీర్లే. నడవడానికి వచ్చేవాళ్ళ దగ్గరా, కొత్తగా చేరే వలంటీర్ల దగ్గరా మళ్ళీ మళ్ళీ వినబడే మాటలు కొన్నున్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: ఎడారంటే ఖాళీ నేల. బాట దిగి నాలుగడుగులు వేస్తే పోయేదేముంది?

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. పొదకీ పొదకీ మధ్య బోసిగా కనిపించే మట్టిని వంగి చూడండి. నల్లగా, గరుకుగా ఒక పెచ్చు కనిపిస్తుంది. సయనోబాక్టీరియా, లైకెన్, నాచు కలిసి అల్లుకున్న ప్రాణమున్న పొర అది. మట్టి గాలికి లేవకుండా, వానకు కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అదే. గాలిలోని నైట్రోజన్‌ని నేలకు అందించేదీ అదే. ఎండిపోయినప్పుడు అప్పడంలా పెళుసుగా ఉంటుంది. బూటు పడితే పొడైపోతుంది, మళ్ళీ పూర్తిగా కట్టుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

సవారో సంగతి కూడా చూడండి. ఇది అరిజోనా గుర్తుగా బొమ్మల్లో కనిపించే, చేతులు పైకెత్తినట్టుండే పెద్ద కాక్టస్. మొదటి పదేళ్ళలో ఒకటి రెండు అంగుళాలకు మించి ఎదగదు. మొదటి చెయ్యి మొలవడానికి 50 నుంచి 75 ఏళ్ళు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే పడుతుంది. బతికితే 150 ఏళ్ళు దాటుతుంది. పిల్ల సవారో సాధారణంగా పాలోవెర్డె, మెస్కీట్, ఐరన్‌వుడ్ లాంటి చెట్ల నీడన మొలుస్తుంది. ఫొటో కోసమో, కూర్చోవడానికో మనం వెతుక్కునేది కూడా ఆ నీడే! గోలీ అంత మొక్క మీద కాలు పడిందని మనకు తెలియను కూడా తెలియదు.

ఒకరు దిగితే గుర్తు పడుతుంది. ఆ గుర్తు చూసి పదిమంది దిగుతారు. నెల తిరక్కుండా దొంగబాట తయారు. దాన్ని మూయడమంటే అడ్డంగా రెండు కొమ్మలు పడేయడం కాదు. ముందు గట్టిపడిన మట్టిని గునపంతో మూడు నాలుగు అంగుళాల లోతు గుల్ల చేయాలి. తర్వాత ఎండు కొమ్మలను పొదల్లా నిలబెట్టి పాతాలి. వాటి అడుగున గాలికి కొట్టుకొచ్చే విత్తనాలు ఆగుతాయి, కాస్త నీడా దొరుకుతుంది. రాళ్ళను పైన పెట్టి వదిలేయకుండా సగానికి పైగా భూమిలో దించాలి, ఎండకు నల్లబడిన ముఖం పైకి ఉండాలి. తిరగేసి పెడితే తెల్లటి అడుగు దూరం నుంచే కనబడి, ఇక్కడ ఏదో ఉందని పిలుస్తుంది. బాట మీద నిలబడితే కంటికి ఆనినంత మేర ఇలా చేస్తే చాలు. అటువైపు దారి ఉందని అనిపించకపోతే ఎవరూ దిగరు.

అపోహ: ఎడారిలో పచ్చగడ్డి పెరిగితే మంచిదేగా!

ఏ గడ్డి అన్నది ముఖ్యం. బఫెల్ గడ్డి మన దేశంలో అంజన్ గడ్డి పేరుతో పశువుల మేతకు పెంచేదే. అమెరికాలోనూ మేత కోసమే తెచ్చారు. ఇక్కడ అది శత్రువైంది. ఇక్కడి సొనోరన్ ఎడారిలో సొంత మొక్కలు దూరదూరంగా ఉంటాయి, మధ్యలో బోసి నేల ఉంటుంది. అందుకే పిడుగు పడి ఒక చెట్టు అంటుకున్నా మంట అక్కడితో ఆగేది. బఫెల్ గడ్డి ఆ ఖాళీలను నింపేసి, ఎండి, మంటను ఒక మొక్క నుంచి ఇంకోదానికి మోసుకెళ్తుంది. సవారోలకు నిప్పును తట్టుకునే గుణం లేదు. మంట ఆరాక బఫెల్ మళ్ళీ చిగురిస్తుంది, సవారో చిగురించదు. ఏటా వచ్చే ఎర్ర బ్రోమ్ గడ్డి, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన పసుపు గుండీల్లాంటి పూల స్టింక్‌నెట్ చేసేదీ ఇదే పని. 1995లో మెక్‌డొవెల్ కొండల్లో పిడుగుతో మొదలైన రియో మంట దాదాపు 23,000 ఎకరాలను కాల్చింది. ఆ మచ్చ ఇప్పటికీ పూడలేదు.

పీకే ముందు అది బఫెల్ గడ్డి అవునో కాదో తేల్చుకోవాలి, పోలికున్న దేశవాళీ గడ్లు ఉన్నాయి. కంకి ఎలక తోకలా, ఊదా-గోధుమ రంగులో ఉంటుంది. గింజలు దూసేసి మిగిలిన పుల్లను వేళ్ళతో రాస్తే గరుకుగా తగులుతుంది. పని వరస కూడా ముఖ్యం. మొదట కంకులు కోసి మందపాటి సంచిలో వేసి మూతి కట్టాలి. ఆ తర్వాతే గునపం పట్టాలి. గడ్డి దుబ్బు పక్క నుంచి ఏటవాలుగా దించి, వేరు మొదలు కిందికి పోనిచ్చి ఎత్తాలి. చేత్తో గుంజితే ఆకులు చేతికొస్తాయి, మొదలు నేలలోనే ఉండిపోయి వానకు మళ్ళీ లేస్తుంది. మట్టి దులిపి, గుంట పూడ్చి, కాలితో అదమాలి. దిగే ముందు మేజోళ్ళు, బూటు లేసులు, ప్యాంటు మడతలు బ్రష్‌తో దులుపుకోవాలి. లేకపోతే గింజల్ని ఇంకో కొండకు మోసేది మనమే. నేలలోని విత్తనం కొన్నేళ్ళు బతికే ఉంటుంది కాబట్టి, ప్రతి వానాకాలం తర్వాత అదే చోటికి మళ్ళీ వెళ్ళాల్సిందే. ఒక్కసారి పీకి ఫొటో దిగితే అయిపోయే పని కాదిది.

అపోహ: మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మే కదా, నరికేయాలి.

సర్కారు తుమ్మ అమెరికా ఖండాల నుంచి వచ్చి మన చెరువుగట్లనూ బీళ్ళనూ ఆక్రమించిన మాట నిజం. ఇక్కడి వెల్వెట్ మెస్కీట్ దానికి దాయాదే. కానీ దాని పుట్టిల్లే ఇది. పిల్ల సవారోకు గొడుగు పట్టేది, తోడేలు లాంటి కయోటీలకు కాయలిచ్చేది, నేలకు నైట్రోజన్ చేర్చేది అదే. అలాగే నాగజెముడు కూడా ఇక్కడి ఖండాలదే, పరాయిది మన ఊళ్ళో. పేరు చూసి కాదు, ఏ నేల మీద ఉందో చూసి కలుపో కాదో చెప్పాలి.

అపోహ: రెంటచింతల ఎండ చూసినవాళ్ళం, ఈ ఎండ ఒక లెక్కా? చెమట కూడా పట్టట్లేదు.

చెమట పడుతోంది, కనబడట్లేదంతే. గాలి పొడిగా ఉండడంతో చర్మం మీదికి రాగానే ఆరిపోతుంది. చొక్కా తడవదు కాబట్టి నీళ్ళు పోతున్నాయన్న సంగతి ఒంటికి తెలియదు. దాహం వేసేసరికే ఆలస్యమవుతుంది. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌ని, అంటే 43 సెల్సియస్‌ని, తాకింది లేదా దాటింది. అలాంటి రోజుల్లో కొండ మీద ప్రాణాలు పోయినవాళ్ళలో కొత్తవాళ్ళే కాదు, ఆరోగ్యవంతులూ ఉంటారు.

చలికాలంలో మనిషికి గంటకు అర లీటరు, వేడి రోజుల్లో గంటకు లీటరు వరకు లెక్కేసుకోండి. మే నుంచి సెప్టెంబరు దాకా సూర్యోదయానికే మొదలుపెట్టి, ఎండెక్కకముందే కారు దగ్గరికి చేరాలి. తెచ్చిన నీళ్ళలో సగం అయ్యేలోపే వెనక్కి తిరగాలి, ఎందుకంటే వెళ్ళినప్పటి ఎండ వేరు, వచ్చేటప్పటి ఎండ వేరు. ఉత్త నీళ్ళే గటగటా తాగడమూ ప్రమాదమే. రక్తంలో ఉప్పు పల్చబడితే తలనొప్పి, వికారం, తికమక వస్తాయి. వడదెబ్బలాగే ఉంటుంది కాబట్టి ఇంకా నీళ్ళు పడతారు. అందుకే జంతికలో, ఉప్పు వేసిన వేరుశనగపప్పో, ఓఆర్ఎస్ పొడో సంచిలో ఉండాలి.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే ఒక్క మాట. బీపీకి ఒంట్లో నీరు లాగేసే మాత్రలు వాడేవాళ్ళు ఎండలో తొందరగా నీరసిస్తారు. వాళ్ళ డాక్టర్ని ముందే అడగండి. ప్రిజర్వ్‌లో గేట్‌వే ట్రెయిల్‌హెడ్ (బాటలు మొదలయ్యే చోటు) దగ్గరి బహాడా నేచర్ ట్రెయిల్ అర మైలే, చదునుగా ఉంటుంది. చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. శిఖరం ఎక్కితేనే ఎడారి చూసినట్టు కాదు.

ఎవరైనా మాట తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బే అనుకోండి. వెంటనే అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసి దగ్గర్లోని జంక్షన్ బోర్డు మీద ఏముందో చెప్పండి. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి విసరండి. చెమట ఆగేదాకా చూడాల్సిన పని లేదు, చెమటలు పడుతుండగానే వడదెబ్బ తగలొచ్చు.

అపోహ: నీళ్ళు అయిపోతే కాక్టస్ కోసి తాగొచ్చు.

వద్దు. లోపల ఉండేది నీళ్ళు కాదు, చేదు జిగురు. చాలా రకాలు వాంతులు, విరేచనాలు తెప్పించి ఉన్న నీటిని కూడా పోగొడతాయి. పైగా సంరక్షిత మొక్కను కోయడం చట్టప్రకారం నేరం.

అపోహ: చోయా కాక్టస్ ముళ్ళు ఎగిరొచ్చి గుచ్చుకుంటాయి.

ఎగరవు. ముల్లు కొసన కంటికి కనిపించని కొక్కేలుంటాయి, కొమ్మ కణుపు ఇట్టే ఊడుతుంది. బట్ట రాసుకుంటే చాలు, ముద్ద ముద్దే ఒంటికి అంటుకుంటుంది. చేత్తో తీయబోతే ఆ చేతికీ అంటుకుంటుంది. దూరం దూరం పళ్ళున్న దువ్వెనను ముద్దకీ చర్మానికీ మధ్య దూర్చి, మనుషులు లేనివైపుకు ఒక్క విసురున ఎగరగొట్టాలి. మిగిలిన ముళ్ళను పట్టకారుతో తీయాలి. దువ్వెన లేకుండా ఏ గైడూ బయల్దేరడు.

అపోహ: పాము కరిస్తే పైన గట్టిగా కట్టు కట్టాలి.

ఇక్కడివి తోకతో గిలక మోగించే గిలకపాములు (రాటిల్‌స్నేక్‌లు). వాటి విషం కండను కుళ్ళబెడుతుంది. కట్టు కడితే విషమంతా ఒకేచోట నిలిచి నష్టం పెరుగుతుంది. గాటు పెట్టడం, పీల్చడం, ఐసు పెట్టడం ఏవీ చేయొద్దు. ఉంగరాలు, గాజులు, వాచీ వాపు రాకముందే తీసేసి, 911కి ఫోన్ చేసి, వీలైనంత కదలకుండా ఉండాలి. పామును చంపి ఆసుపత్రికి తేవాల్సిన అవసరం లేదు. గిలక మోగలేదు కాబట్టి పాము లేదనీ అనుకోవద్దు, చాలాసార్లు అది కదలకుండా పడుకునే ఉంటుంది. చేయి పెట్టేచోటు, కాలు పెట్టేచోటు చూసుకోవాలి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసేయాలి.

అపోహ: నారింజ తొక్క మట్టిలో కలిసిపోతుందిలే.

ఇక్కడ తేమ లేదు, కుళ్ళదు. నెలల తరబడి ఎండి పడి ఉంటుంది. జంతువులకు బాట పక్క తిండి వెతుక్కోవడం నేర్పుతుంది. పొట్టు కూడా జేబులోనే ఇంటికి రావాలి.

అపోహ: బాట మీద తాబేలు కనిపిస్తే పక్కకు తీసి పెట్టడం పుణ్యం.

ఎడారి తాబేలు మూత్రాశయంలోనే నీళ్ళు దాచుకుంటుంది. ఎత్తితే భయంతో వదిలేస్తుంది. మళ్ళీ వాన పడేదాకా దానికి వేరే నీళ్ళుండవు. దాటిపోయేదాకా ఆగండి.

అపోహ: నడక నడిపించడమంటే ముందు నడవడమే. స్టీవార్డంటే బాట మీద పోలీసు.

స్టీవార్డుకి చలానా రాసే అధికారం లేదు. మర్యాదగా చెప్పాలి, వినకపోతే చూసింది రాసి అధికారులకు పంపాలి. ‘దిగొద్దు’ అంటే జనం మొహం చిట్లిస్తారు. ‘మీ కాలి పక్కనున్న ఆ నల్ల పెచ్చు ప్రాణమున్నదండీ’ అంటే వంగి చూస్తారు, వాళ్ళంతట వాళ్ళే బాటెక్కుతారు.

నడకకు ఇద్దరు గైడ్లు తప్పనిసరి. ముందు ఒకరు, చివర ఒకరు. బయల్దేరేముందు తలలు లెక్కపెట్టి, ప్రతి ఒక్కరి నీళ్ళు కళ్ళతో చూడాలి. ‘ఉన్నాయి’ అన్న మాట చాలదు. చిన్న బాటిల్‌తో వచ్చినవాళ్ళని అక్కడే ఆపాలి, కారు దగ్గర చెప్పడం సులువు, రెండు మైళ్ళ అవతల కాదు. మొదటి పావుగంట తర్వాత ఒకసారి ఆగితే స్వెటర్లు తీసేవాళ్ళు, బూటులో రాయి పడ్డవాళ్ళు తేలిపోతారు. వేగం అందరికంటే నెమ్మదిగా నడిచేవారిది. ప్రతి జంక్షన్ దగ్గరా చివరి గైడు వచ్చేదాకా ముందువాళ్ళు కదలకూడదు, వచ్చాక వాళ్ళకీ కాస్త ఊపిరి తీసుకోనివ్వాలి. వెనకున్న గైడు ఏ కారణంగానూ ఎవరినీ దాటి ముందుకు రాకూడదు. పొద చాటుకు వెళ్ళడానికి ఆగినవాళ్ళుంటే వాళ్ళతోపాటే ఆగాలి. దిగాక మళ్ళీ లెక్క. అందరి కార్లూ స్టార్టయ్యాకే గైడ్లు బయల్దేరతారు.