గొట్టానికి పొట్ట ఎందుకు?

"మోటోక్రాస్ (మట్టిదారి పందేల) టూస్ట్రోక్ బండ్ల సైలెన్సర్ గొట్టం మేకను మింగిన కొండచిలువలా ఉబ్బి ఉంటుందేం? దాన్ని పీకేస్తే పొగ తేలిగ్గా పోయి పికప్ పెరగదా?" అని ఒక పాఠకుడు అడిగారు. పెరగదు, పడిపోతుంది. చప్పుడు పెరిగితే బలం పెరిగినట్టేనన్న నమ్మకం మన ఆర్‌ఎక్స్ 100 రోజుల నుంచీ ఉంది. ఎన్ని మంచి ఇంజన్లు దానికి బలయ్యాయో!

టూస్ట్రోక్ అంటే పిస్టన్ ఒకసారి పైకీ ఒకసారి కిందికీ కదిలేసరికే పని పూర్తిచేసే ఇంజను. దాని సిలిండరు గోడకు రంధ్రాలుంటాయి. వాటినే పోర్టులంటారు. పిస్టనే కదులుతూ వాటిని తెరుస్తుంది, మూస్తుంది. చిక్కంతా ఇక్కడే. పొగ పోయే పోర్టు, కొత్త పెట్రోలు-గాలి మిశ్రమం వచ్చే పోర్టు కాసేపు రెండూ తెరిచే ఉంటాయి. రద్దీగా ఉన్న సిటీ బస్సును ఊహించండి. ముందు తలుపులో ఎక్కినవాళ్లు కొందరు వెనక తలుపులోంచి జారిపోతున్నారు. పైగా ముందు తలుపు మూసుకున్నాక కూడా వెనకది ఇంకాస్త సేపు తెరిచే ఉంటుంది. అక్కడ ఒక మనిషి కావాలి. మొదట దిగేవాళ్లను చెయ్యి పట్టి బయటికి లాగాలి. తలుపు పడబోయే క్షణంలో, పొరపాటున జారినవాళ్లను మళ్లీ లోపలికి నెట్టాలి.

ఆ మనిషి పేరు శబ్దతరంగం. పోర్టు తెరుచుకోగానే ఒత్తిడి తరంగం గొట్టంలోకి దూకుతుంది. గొట్టం వెడల్పయ్యే చోట కొంత తిరగబడి అల్పపీడనంగా వెనక్కొస్తుంది. అది లాగడం. పొట్ట దాటి సన్నబడే చోట ఒత్తిడిగానే తిరిగొస్తుంది. అది నెట్టడం.

మరి వేళకు రావాలి కదా? నిమిషానికి 11,000 చుట్లు తిరిగే 125 సీసీ ఇంజనులో ఒక చుట్టు 5.45 మిల్లీసెకన్లు. చుట్టులోని 360 డిగ్రీల్లో పొగ పోర్టు 190 డిగ్రీలు తెరిచి ఉంటే, చేతిలో ఉన్నది 2.9 మిల్లీసెకన్లు. వేడి పొగలో శబ్దవేగం సెకనుకు దాదాపు 500 మీటర్లు. పోయి రావడానికి 1.44 మీటర్లు, అంటే గొట్టం సుమారు 72 సెంటీమీటర్లు! శబ్దవేగం పాఠం ఈ లెక్కతో మొదలుపెడితే వెనక బెంచీ కూడా లేచి కూర్చుంటుంది.

దీన్ని సాధనంగా మలచినవాడు తూర్పు జర్మనీ ఎంజెడ్ కర్మాగారపు ఇంజనీరు వాల్టర్ కాడెన్. 1961లో ఆయన 125 సీసీ ఇంజను 25 హార్స్‌పవర్ ఇచ్చింది. ఇంజను సైజు లీటరు లెక్కన 200 అన్నమాట! ఆ ఏడే అక్కడి రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ పోటీ నుంచి పశ్చిమానికి పారిపోయి, ఆ విద్యతో సుజుకీలో చేరాడు. 1962లో 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీదే.

వేగం మారితే మాత్రం మన మనిషి ముందో వెనకో వస్తాడు. అందుకే ఈ బండ్లు తక్కువ చుట్లలో నీరసంగా ఉండి, ఒక్కసారిగా ఎగిరి దూకుతాయి. గొట్టం పొడవు పెంచితే బలం తక్కువ చుట్ల దగ్గరకు దిగుతుంది. రాళ్లదారికి అదే మేలు. ఇంకో అందమైన కిటుకుంది. పై చుట్లలో స్పార్కును కొంచెం ఆలస్యం చేస్తే గొట్టం మరింత వేడెక్కి శబ్దవేగం పెరుగుతుంది. కోయకుండానే గొట్టం పొట్టిదైనట్టు!

ఆకురాయితో పోర్టును ఒక్క మిల్లీమీటరు పైకి రాకినా 190 డిగ్రీల లెక్క మారుతుంది, గొట్టం మళ్లీ కొలవాలి. కొత్త గొట్టం బిగించాక సిలిండరులో గాలి ఎక్కువ నిలిస్తే పెట్రోలూ ఎక్కువ కావాలి. మెయిన్ జెట్ (కార్బురేటరులో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రపు ముక్క) ఒక సైజు పెద్దది వేసి, బండిని ఒక రౌండు నడిపి, స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి. కాఫీపొడి రంగులో ఉంటే సరే. తెల్లగా ఉంటే పెట్రోలు చాలక ఇంజను మరీ వేడెక్కుతోందన్నమాట, బండి అక్కడే ఆపండి. పిస్టన్ కరగడానికి ఇంకెంతో సేపు పట్టదు.