వడ్డవారం నాటి చంద్రుడు

పొద్దున లేచి వాట్సాప్‌లో ఏదో ఒకటి ఫార్వర్డ్ చేయందే మా బామ్మర్దికి చాయ్ దిగదు. సంక్రాంతికి హనుమకొండ వచ్చినప్పుడు కూడా అంతే. ఫోన్ నా ముఖం ముందు పెట్టి, "చూసినవా బావా, బ్రహ్మకు ఒక పగలంటే 432 కోట్ల ఏండ్లు. సైంటిస్టులేమో భూమి వయసు 454 కోట్లంటున్నరు. మనోళ్ళు ఎప్పుడో చెప్పిండ్రు" అన్నాడు.

గోడకు వేలాడుతున్న పంచాంగం తీసి మొదటి పేజీలు తిప్పమన్నాను. సృష్ట్యాది గతాబ్దాలు అని అక్కడే అచ్చు వేసి ఉంటుంది: 195 కోట్ల పైచిలుకు. మన లెక్క ప్రకారమే ఈ సృష్టికి గడిచిన కాలం అంత. 432 కోట్లు కల్పం, అంటే బ్రహ్మ పగలు, మొత్తం నిడివి, అది ఇంకా సగం కూడా కాలేదు. 454 కోట్లేమో ఉల్కల్లోని సీసాన్ని తూచి, యురేనియం ఎంత కరిగి సీసమైందో చూసి తేల్చిన వయసు. ఒకటి పగటి పొడవు, రెండోది ఇప్పటిదాకా గడిచిన కాలం. రెండూ కోట్లలో ఉన్నాయి కదా అని పక్కపక్కన పెడితే ఎట్లా? అయితే ఒక మాట ఒప్పుకోవాలి. యూరప్‌లో పెద్ద పెద్ద పండితులు ప్రపంచం పుట్టి ఆరు వేల ఏళ్ళే అయిందని నమ్మిన రోజులున్నాయి. అట్లాంటిది కాలాన్ని కోట్లలో ఊహించడానికి గుండె కావాలి.

"మరి రేవతి కథ?" అన్నాడు. తయారుగానే వచ్చాడన్నమాట.

భాగవతం నవమ స్కంధంలోని కథ అది. దాన్ని తెలుగు చేసిన పోతన మాకు దూరపువాడేం కాదు, బమ్మెర పాలకుర్తి దగ్గరే. కకుద్మి అనే రాజు, కూతురు రేవతికి తగిన వరుడెవరో అడుగుదామని ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి పోతాడు. అక్కడ గంధర్వుల పాట నడుస్తుంటే అయ్యేదాకా ఆగుతాడు. తర్వాత సంగతి చెబితే బ్రహ్మ నవ్వి, నువ్వు అనుకున్నవాళ్ళే కాదు, వాళ్ళ మనవళ్ళు కూడా ఇప్పుడు లేరు, 27 మహాయుగాలు గడిచిపోయాయి అంటాడు.

కాగితం మీద లెక్క వేశాం. మహాయుగమంటే నాలుగు యుగాలు కలిపి. బ్రహ్మ పగలు అట్లాంటివి 1000. దాన్ని మన 12 గంటల పగలు అనుకుంటే, అంటే 720 నిమిషాలు, అందులో 27 మహాయుగాలకు వచ్చేది 19 నిమిషాల చిల్లర. ఒక రాగం తీరిగ్గా ఆలపించి కీర్తన ముగించే సమయం! కథలోని రెండు అంకెలూ ఒకదానికొకటి అతుకుతున్నాయని తేలేసరికి నాకే ఒళ్ళు పులకరించింది. బామ్మర్ది మీసం తిప్పాడు.

కానీ ఐన్‌స్టీన్ 1905లో చెప్పింది ఇదేనా అంటే, అక్కడ లెక్క మొండికేస్తుంది. వేగంగా పోయేవాడి గడియారం మనకు మెల్లగా నడుస్తుంది, నిజమే. బ్రహ్మ గడియారం మనకంటే 3 లక్షల కోట్ల రెట్లు మెల్లన. జెనీవా దగ్గర కణాలను ఢీకొట్టించే భారీ యంత్రంలో పరిగెత్తే ప్రోటాన్లకు ఈ తేడా 7 వేల రెట్లే. 1991లో అమెరికాలోని యూటా ఆకాశంలో పట్టుబడిన ఒక కాస్మిక్ కణం అందరినీ నివ్వెరపరిచింది. అది ప్రోటానే అయితే దానికీ తేడా 32 వేల కోట్ల రెట్లు, అంటే బ్రహ్మలోకానికి పదోవంతు. పైగా అది ఒక్క కణం. మనిషిని, అందులోనూ పెళ్ళీడు పిల్లను, అంత వేగంతో తీసుకుపోవాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. కథలో పైలోకంలో కాలం మెల్లన. గురుత్వాకర్షణ చేసేది దీనికి తలకిందులు: కింద ఉన్న గడియారం మెల్లగా, పైన ఉన్నది వడిగా నడుస్తుంది. వంద మీటర్ల గుట్ట మీద గడియారం పెడితే ఏడాదికి సెకనులో 30 లక్షల్లో ఒక వంతు ముందుకు పోతుంది. 2010లో అమెరికాలో రెండు అణుగడియారాలను 33 సెంటీమీటర్ల ఎత్తు తేడాతో పెట్టి మరీ ఇది కొలిచారు. జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు వేగం వల్ల కొంత వెనకపడ్డా, ఎత్తు వల్ల అంతకంటే ముందుకు పోయి, మొత్తం మీద రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుంటాయి. అది సరిచేయకపోతే ఫోన్‌లో మ్యాపు మనల్ని హనుమకొండకు బదులు ఇంకెక్కడికో తోలుకుపోతుంది. అందరికీ కాలం ఒకటే కాదన్న ఊహ న్యూటన్‌కు కూడా రాలేదు, మన కథకులకు వచ్చింది. దానికి వాళ్ళను మెచ్చుకోవచ్చు. అది ఫిజిక్స్ మాత్రం కాదు.

"అట్లయితే మనోళ్ళ దగ్గర పరీక్షకు నిలిచేది ఏమీ లేదంటవా?" అన్నాడు కొంచెం చిన్నబుచ్చుకుని. ఉంది, పద అని సాయంత్రం వేయిస్తంభాల గుడికి తీసుకుపోయాను.

రుద్రుడు, వాసుదేవుడు, సూర్యుడు ముగ్గురికీ కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన గుడి అది. ఆవరణలో ఆయన శాసనం ఉంది. జనం దాని పక్కన సెల్ఫీ దిగి పోతుంటారు. నన్నడిగితే ఈ గుడిలో స్తంభాల కంటే అందమైనది శాసనం మీది తేదీ. శక సంవత్సరం 1084, చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం. వడ్డవారమంటే శనివారం. చరిత్రకారులు దీన్ని 1163 జనవరి 19గా లెక్కగట్టారు.

గట్టు మీద కూర్చుని ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశాం. 2000 జనవరి 6 గురువారం రాత్రి సూర్యచంద్రులు కలిసి అమావాస్య పూర్తయింది. అక్కడి నుంచి 1163 జనవరి 19కి వెనక్కి పోతే, 1582లో క్యాలెండర్ మార్చినప్పుడు ఎగరగొట్టిన పది రోజులు తీసేసి, 3,05,688 రోజులు. ఏడుతో భాగిస్తే 5 మిగిలింది. గురువారం నుంచి వేళ్ళు మడుస్తూ వెనక్కి ఐదు లెక్కపెట్టాడు: బుధ, మంగళ, సోమ, ఆది, శని. ఒక్కసారి నా వైపు చూశాడు.

ఇక చంద్రుడు. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29.5306 రోజులు. భాగిస్తే 10,351 చాంద్రమాసాలు పోగా 17 రోజులు మిగిలాయి. అంటే ఆ రోజు తర్వాత 17 రోజులకు అమావాస్య. దాని ముందటి అమావాస్య గడిచి పన్నెండున్నర రోజులు. పదమూడో తిథి, త్రయోదశి. ఇక చిత్రభాను: మళ్ళీ 2002 ఉగాదికి వచ్చింది. 1162 నుంచి 2002కు 840 ఏళ్ళు, సరిగ్గా పద్నాలుగు అరవైలు.

వారం, తిథి, సంవత్సరం పేరు, మూడూ కలిశాయి. ఇందులో మహిమ లేదు. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం ప్రతి 12 డిగ్రీలు పెరగడమే, అంటే కోణం కొలత. చంద్రుడు భూమికి దగ్గరైనప్పుడు జోరుగా, దూరమైనప్పుడు నింపాదిగా నడుస్తాడు గనక ఒక తిథి 19 గంటల్లో అయిపోవచ్చు, ఇంకొకటి 26 గంటలు సాగవచ్చు. పండుగ ఇవాళనా రేపా అని ఏటా పడే లొల్లికి సగం కారణం ఇదే. ఆ హెచ్చుతగ్గులు మన సిద్ధాంతులకు తెలుసు, సవరణలూ చేసేవారు. ఎందుకట్లా అన్నది మాత్రం కెప్లర్, న్యూటన్‌లు వచ్చాక తేలింది.

ఇట్లాంటి పాత రాతల వల్ల ఫిజిక్సుకు కూడా మేలు జరిగింది. చంద్రుడి వల్ల సముద్రాల్లో వచ్చే పోటు భూమి తిరుగుడుకు బ్రేకు వేస్తోంది, చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. రోజు నిడివి శతాబ్దానికి రెండు మిల్లీసెకన్ల లోపే పెరుగుతుంది. ఏముందిలే అనిపిస్తుంది గానీ, ఇప్పటి రోజునే కొలతగా పెట్టుకుని రుద్రదేవుడి కాలం దాకా వెనక్కి లెక్కిస్తే సుమారు పావుగంట తేడా పడుతుంది. బాబిలోన్, చైనా, అరబ్బుల పాత గ్రహణ రికార్డులే లేకపోతే ఈ సంగతి ఇంత కచ్చితంగా తేలేది కాదు. మన పాత కొలతలో చిల్లు గిన్నె నీళ్ళలో మునిగితే ఒక గడియ, 24 నిమిషాలు. అట్లాంటివి 60 అయితే రోజు. తీరా చూస్తే ఆ రోజే నిలకడ లేనిది. అందుకే 1967లో సెకనును భూమి చేతిలోంచి తీసి సీజియం పరమాణువుకు అప్పగించారు: 919,26,31,770 కంపనాలు.

మనవాళ్ళ లెక్క ఎక్కడా తప్పలేదని కాదు. ఆ రోజు మేం జరుపుకున్న సంక్రాంతే సాక్ష్యం. సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్ళేది డిసెంబర్ 21, 22 తేదీల్లో. పంచాంగం చుక్కలను పట్టుకుని నడుస్తుంది, రుతువులు భూమి వంపును పట్టుకుని నడుస్తాయి. ఆ వంపు బొంగరం తల ఊగినట్టు దాదాపు 26 వేల ఏళ్ళకోసారి చుట్టు తిరుగుతుంది. సూర్యసిద్ధాంతం ఈ కదలికను పట్టుకుంది గానీ, ఉయ్యాల లాగా 27 డిగ్రీలు ఇటూ అటూ ఊగుతుందనుకుంది. కాదు, గుండ్రంగా తిరుగుతూనే పోతుంది. ఫలితంగా కార్తెలు 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున జరుగుతున్నాయి.

ఇది బామ్మర్దికి మిరుగంతో చెబితే ఎక్కింది. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె మొదలయ్యే రోజు చేపలు తినాలని మా దగ్గర పట్టింపు. పొద్దున ఆరింటికే మార్కెట్లో కొర్రమీను దగ్గర నిలబడే చోటుండదు. తొలకరి కూడా ఇంచుమించు అప్పుడే పడుతుంది కాబట్టి మిరుగమంటే వాన అని రైతుకు లెక్క. రుద్రదేవుడి కాలంలో ఇప్పటి క్యాలెండర్ ప్రకారం మే నెలాఖరుకే మిరుగం వచ్చేది. ఇంకో రెండు వేల ఏళ్ళకు జూలైలోకి పోతుంది. వాన మాత్రం దానికోసం ఆగదు.

"అప్పుడు చేపలు జూలైల తింటరా?"

"తింటరేమో."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. పొద్దు గుంకుతోంది. 1163లో ఆ శనివారం ఇదే వేళకు, సూర్యుడు అటు దిగకముందే ఇటు తూర్పున రెండు రోజుల్లో పున్నమి కాబోయే చంద్రుడు పైకొచ్చి ఉంటాడని చెప్పాను. తూర్పు వైపు తిరిగి చూస్తూ అడిగాడు:

"మబ్బు పట్టలేదంటవా బావా ఆ రోజు?"