‘టక్’మంటే ఎముక కూర్చున్నట్టేనా? కైరోప్రాక్టిక్‌పై అపోహలు - వాస్తవాలు

ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో ఒకరు ఇంకొకరి మెడ పట్టుకుని తిప్పేస్తుంటారు, మైకు దగ్గరపెట్టి మరీ ఆ చప్పుడు వినిపిస్తారు. చేతుల ఊపుతో వెన్ను కీళ్లను కదిలించే ఈ వైద్యమే కైరోప్రాక్టిక్. ఆ వీడియోలు చూసి నడుం పట్టుకుని వచ్చేవాళ్లు అడిగే మొదటి మాట: "అలా ఒక్కసారి లాగేయరాదా?" కొందరికి లాగొచ్చు. ఎవరికి లాగకూడదో తేల్చడానికే మొదటి సిట్టింగులో ఎక్కువ సమయం పోతుంది. వీడియోల్లో కత్తిరించేసేది సరిగ్గా ఆ భాగాన్నే.

అపోహ: చప్పుడొచ్చిందంటే జరిగిన ఎముక చోటికొచ్చినట్టే.

దెబ్బ తగిలి వెన్నుపూస నిజంగా చోటు తప్పితే అది అత్యవసరంగా సర్జన్ చూడాల్సిన కేసు. స్పాండిలోలిస్థసిస్‌లో పూస కాస్త ముందుకు జారే మాట నిజమే గానీ, దాన్ని చేత్తో నెట్టి వెనక్కి పంపలేరు. మరి ఆ ‘టక్’ ఏమిటి? పూసకూ పూసకూ మధ్య వెనకవైపు ఫాసెట్ జాయింట్లని రెండు చిన్న కీళ్లుంటాయి. వాటిలో జిగురు ద్రవం ఉంటుంది. సెకనులో ఐదో వంతు కూడా పట్టని ఊపుతో కీలును ఎడం చేస్తే లోపలి ఒత్తిడి పడిపోయి, ద్రవంలో వాయువు బుడగ ఏర్పడుతుంది. మెటికలు విరిస్తే వచ్చేదీ అదే. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు వేలి కీలును ఎంఆర్‌ఐలో పెట్టి లాగుతూ దీన్ని కళ్లకు కట్టారు. ఇప్పుడే ఒక మెటిక విరిచి, వెంటనే మళ్లీ ప్రయత్నించండి. రాదు. దాదాపు 20 నిమిషాలు ఆగాలి.

హాయిగా ఉండటం మాత్రం అబద్ధం కాదు. బిగుసుకున్న కండ కాసేపు సడలుతుంది, నొప్పి తెలియడం తగ్గుతుంది. అది కొన్ని గంటలో, కొన్ని రోజులో. ఆ వ్యవధిలో వ్యాయామం మొదలుపెట్టించడం కోసమే ఆ ఊపు. చప్పుడు రాకపోయినా ఫలితంలో తేడా ఉండదు.

అపోహ: జారిన డిస్కును నెట్టి లోపల పెట్టేస్తారు.

డిస్కంటే పూసల మధ్య ఉండే మెత్త. అది సబ్బుబిళ్లలా జారదు, పైపూసకూ కిందిపూసకూ అంటుకుని ఉంటుంది. బయటి పట్టీ చిట్లి లోపలి గుజ్జు పొడుచుకొస్తుంది, అంతే. ఏ చెయ్యీ దాన్ని వెనక్కి నెట్టలేదు. చాలామందిలో శరీరమే కొన్ని నెలల్లో దాన్ని కరిగించుకుంటుంది. రిపోర్టులో ‘ఎల్4-ఎల్5 బల్జ్’ (నడుంలోని నాలుగు, ఐదు పూసల మధ్య డిస్కు ఉబ్బడం) కనబడగానే దోషి దొరికిందనుకోకూడదు కూడా. 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, నొప్పే లేనివాళ్లకు స్కాన్ తీసినా 20 ఏళ్లవాళ్లలో సుమారు 30 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి బల్జ్ ఉంది.

అందుకే స్కాన్ కన్నా ముందు కాళ్లు చూడాలి. మడమల మీద పది అడుగులు, మునివేళ్ల మీద పది అడుగులు నడిపించాలి. కాలి బొటనవేలు పైకెత్తమని, దాన్ని చేత్తో కిందికి నొక్కాలి. అది నిలవకపోతే అనుమానం నడుం నుంచి కాల్లోకి దిగే ఎల్5 నరం మీదికి పోతుంది. ఒంటికాలి మీద మునివేళ్లపై లేవలేకపోతే దాని కిందిదైన ఎస్1 నరం మీదికి. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలెత్తినప్పుడు 30 - 70 డిగ్రీల మధ్య పిక్క కిందికి కరెంటు పాకినట్టుంటే నరం రేగి ఉందన్నమాట. కాలి బలం రోజురోజుకూ తగ్గుతుంటే ఇక టేబుల్ ఎక్కించే ప్రసక్తే లేదు, సర్జన్‌కు చూపించాలి.

అపోహ: ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నించుకుంటే నడుంపట్టు వదులుతుంది.

కొత్తగా వచ్చిన నడుంపట్టు చాలావరకు కొద్ది రోజుల్లోనో, వారాల్లోనో దానంతటదే తగ్గుతుంది. మూడో రోజు ఎవరు తంతే పేరు వాళ్లకొస్తుంది. కైరోప్రాక్టర్లకొచ్చే పేరులోనూ ఇలాంటి వాటా కొంత ఉందని ఒప్పుకోవాలి. కాకపోతే ఎముకలు గుల్లబారిన అవ్వను తన్నితే పూస నలిగిపోతుంది.

అపోహ: సెలూన్‌లో మెడ విరవడం మామూలే కదా, ఏమవుతుంది?

మెదడు వెనక భాగానికి రక్తం మోసే వెర్టిబ్రల్ ధమనులు రెండూ మెడపూసల పక్క రంధ్రాల్లోంచి సూదిలో దారంలా దూరి పైకెళ్తాయి. ఒకటో పూస దగ్గర మెలిక తిరిగి పుర్రెలోకి చేరతాయి. తల వెనక్కి వంచి ఒక్క ఊపున తిప్పితే సాగేది ఆ మెలికే. లోపలి పొర చిరిగితే అక్కడ రక్తం గడ్డకడుతుంది. గడ్డ మెదడులోకి కొట్టుకుపోతే పక్షవాతమే. ఇది అరుదు. అయితే చిరుగు మొదలైనవాళ్లకు తొలి లక్షణం మెడనొప్పి, తలనొప్పే. దానికోసమే వాళ్లు మెడ విరిపించుకోవడానికి వస్తారు. విరిస్తే చిరిగిందా, చిరిగాక విరిచారా అన్న వాదన అందుకే తెగదు. చెయ్యి వేసేవాళ్లు మాత్రం ముందు అడిగి తీరాలి: "ఇలాంటి నొప్పి ఇదివరకెప్పుడైనా వచ్చిందా?" ఎన్నడూ లేని కొత్త నొప్పి అన్నా, కళ్లు తిరుగుతున్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, మాట ముద్దగా వస్తున్నా, మింగలేకపోతున్నా, ముఖం తిమ్మిరెక్కినా మెడ ముట్టుకోకుండా ఆసుపత్రికి పంపాలి.

సెలూన్‌లో ఈ ప్రశ్నలెవరూ అడగరు. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళకు పార్లర్‌లో తల కడుగుతుండగా స్ట్రోక్ వచ్చింది. బేసిన్ అంచు మీద మెడ బాగా వెనక్కి వాల్చడంతో రక్తనాళం నొక్కుకుపోవడమే కారణమని చూసిన డాక్టర్లు చెప్పారు. మెడ కింద మడిచిన టవల్ పెట్టించుకోండి. మసాజ్ మొదలవకముందే "మెడ తిప్పొద్దన్నా" అని చెప్పేయండి. చికిత్సలో కూడా మెడ విషయంలో ఊపు లేకుండా నెమ్మదిగా కదిలించే మొబిలైజేషన్ చాలామందికి సరిపోతుంది.

అపోహ: బండి మీంచి పడ్డాక ఎంత త్వరగా సరిచేయిస్తే అంత మంచిది.

ముందు విరిగిందో లేదో తేలాలి. మెడకైతే ఎమర్జెన్సీ వార్డుల్లో వాడే కెనడియన్ సీ-స్పైన్ రూల్ ఉంది. 65 ఏళ్లు నిండినా, మూడడుగుల ఎత్తు నుంచి పడ్డా, చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కినా ముందు స్కానింగే. ఇవేవీ లేకున్నా, మెడ రెండువైపులా 45 డిగ్రీలు సొంతంగా తిప్పలేకపోతే అప్పుడూ అంతే.

పుత్తూరు కట్టునూ దీన్నీ ఒకే గాటన కట్టేవాళ్లున్నారు. అది విరిగిన ఎముకకు వేసే కట్టు. కైరోప్రాక్టిక్ విరిగిన ఎముక జోలికే పోకూడదు. ఏ కట్టు వేయించుకున్నా గోరు నొక్కి వదలండి, రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. వేళ్లు చల్లబడినా, వాటిని చాపితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా ఆ క్షణమే కట్టు కోయించి ఆసుపత్రికి వెళ్లాలి.

దెబ్బ తగలకపోయినా ఊపు పనికిరానివాళ్లున్నారు: ఏళ్లతరబడి స్టెరాయిడ్లు వాడినవాళ్లు, రక్తం పలచబడే మందులు వేసుకుంటున్నవాళ్లు, క్యాన్సర్ వచ్చినవాళ్లు. మన దగ్గర మరీ ముఖ్యంగా వెన్నెముక టీబీ. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే ముందు దాన్ని అనుమానించాలి.

అపోహ: 24 సిట్టింగుల ప్యాకేజీ తీసుకుంటేనే పూర్తిగా నయమవుతుంది.

నాలుగు నుంచి ఆరు సిట్టింగుల్లో మార్పేమీ లేకపోతే పద్ధతి మార్చాలి. దీర్ఘకాలిక నడుంనొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వెన్ను మానిప్యులేషన్‌కు, అంటే ఈ ఊపు చికిత్సకు, చోటుంది, వ్యాయామంతో పాటు. నడుం బెల్టూ, ట్రాక్షనూ (నడుమును సాగదీసి లాగడం) వద్దంది. మన ఊళ్లలో ముందు రాసేవి ఆ రెండే!

ఇంట్లో చేయదగ్గది ఒకటి: బోర్లా పడుకుని, నడుం నేలకే వదిలేసి, చేతుల మీద ఛాతీ పైకెత్తాలి. పది సార్లు, రోజుకు మూడు విడతలు. కాల్లో ఉన్న నొప్పి పైకి పాకి నడుం దగ్గర కూడుకుంటే మంచి గుర్తు, కొనసాగించండి. పిక్కలోకి, పాదంలోకి దిగితే వెంటనే ఆపేయండి.

అపోహ: బీపీ, షుగర్, ఆస్తమా కూడా తగ్గుతాయి.

తగ్గవు. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ ఒకరి వెన్ను సరిచేసి చెవుడు పోగొట్టానన్నాడు. ఈ వైద్యం అక్కడే మొదలైంది. వినికిడి నరం పుర్రె దాటి బయటికే రాదు.

అపోహ: బోర్డు మీద ‘కైరోప్రాక్టర్’ అని ఉంటే డాక్టరే.

అమెరికాలో ఇది లైసెన్సు ఉన్న వృత్తి, కళాశాలలో దాదాపు నాలుగేళ్ల ప్రత్యేక చదువు. మన దేశంలో బోర్డు ఎవరైనా పెట్టుకోగలరు. ఎక్కడ, ఎన్నేళ్లు చదివారో అడగండి. ఫిజియోథెరపిస్టయితే ఆ చదువులో డిగ్రీ బీపీటీ, పీజీ ఎంపీటీ ఉందేమో చూడండి. వారాంతపు కోర్సు సర్టిఫికెట్‌ను డిగ్రీ అనుకోవద్దు.

అపోహ: మర్నాడు నొప్పి పెరిగితే ఏదో విరిగినట్టే.

ఒకట్రెండు రోజులు ఒళ్లు నలిగినట్టుండటం మామూలే, వేడికాపడం చాలు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోయినా, రెండు కాళ్లూ బలం తగ్గినా తెల్లవారేదాకా ఆగొద్దు. వెన్ను ఆపరేషన్లు చేసే ఆసుపత్రికి రాత్రికి రాత్రే బయల్దేరాలి.