ఎల్‌డాప్ సర్వర్ సర్టిఫికెట్ గొడవలు: అపోహలు - వాస్తవాలు

కంపెనీ యూజర్ల వివరాలు, పాస్‌వర్డ్‌లు ఉండే డైరెక్టరీ సర్వర్లు చూసుకోవడమే నా పని, యాప్‌లు వాటితో మాట్లాడే పద్ధతినే ఎల్‌డాప్ (LDAP) అంటారు. సర్వర్ తానెవరో రుజువు చేసుకోవడానికి చూపించే డిజిటల్ పత్రమే సర్టిఫికెట్. సర్టిఫికెట్ తేడా కొట్టిందంటే మెయిల్, వీపీఎన్, వైఫై, లోపలి యాప్‌లు అన్నిట్లో లాగిన్ ఒకేసారి ఆగిపోతుంది, తలా ఒక కారణం చెప్తారు, ఆ కంగారులో ఎవరో ఒకరు ఏదో ఒక సెట్టింగ్ మార్చేస్తారు, ఇక అసలు తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఇంకా కష్టమైపోతుంది. నేను తరచూ వినే మాటలు, వాటి వెనక అసలు సంగతి రాస్తున్నా.

అపోహ: "కాంట్ కాంటాక్ట్ ఎల్‌డాప్ సర్వర్" అని వచ్చిందంటే సర్వర్ పడిపోయినట్టే, లేదా ఫైర్‌వాల్ అడ్డుపడినట్టే.

వాస్తవం: ఓపెన్‌ఎల్‌డాప్ (ఎల్‌డాప్‌కి ఉన్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) టూల్స్‌లో ఆ మెసేజ్, అంటే మైనస్ 1 ఎర్రర్, సర్వర్ లేకపోయినా వస్తుంది, సర్వర్ నిక్షేపంగా ఉండి సర్టిఫికెట్ నచ్చక క్లయింటే (సర్వర్‌కి కనెక్ట్ అయ్యే ప్రోగ్రామే) కనెక్షన్ తెంపేసినా వస్తుంది. మెసేజ్ ఒకటే. అదే కమాండ్‌కి డీబగ్ లెవెల్ 1 (-d 1) తగిలించి మళ్లీ నడిపితే అసలు కారణం కింద కనిపిస్తుంది. నెట్‌వర్క్ టీమ్‌కి టికెట్ వేసే ముందు ఈ ఒక్క పని చెయ్యండి, ప్లీజ్.

అపోహ: సర్టిఫికెట్ రెన్యూ చేసేశాం, ఫైల్‌లో కొత్త తేదీ ఉంది, కాబట్టి ప్రాబ్లమ్ అది కాదు.

వాస్తవం: డిస్క్ మీద ఉన్న ఫైల్ వేరు, పోర్ట్ మీద సర్వర్ ఇచ్చే సర్టిఫికెట్ వేరు. ఒకసారి నేను, ఇంకో ఇద్దరం కలిసి రాత్రంతా దీని మీదే కూర్చున్నాం, ఫైల్ తెరిస్తే ఇంకో ఏడాది గడువు ఉంది, క్లయింట్లు మాత్రం ఎక్స్‌పైర్ అయిందనే అంటున్నాయి. తెల్లారుజామున ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్-క్లయింట్‌తో (openssl s_client, సర్వర్ ఇచ్చే సర్టిఫికెట్‌ని చూపించే కమాండ్) ఎన్‌క్రిప్టెడ్ ఎల్‌డాప్ నడిచే 636 పోర్ట్‌కి కనెక్ట్ అయి చూస్తే పాత సీరియల్ నంబరే వస్తోంది. ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్ స్టార్ట్ అయినప్పుడు సర్టిఫికెట్ చదివి మెమరీలో పెట్టుకుంటుంది, మేం ఫైల్ మార్చాం గానీ సర్వీస్ రీస్టార్ట్ చెయ్యలేదు. అప్పట్నుంచి నేను ముందు పోర్ట్‌నే అడుగుతా, ఫైల్ తర్వాత.

అపోహ: ఎస్-క్లయింట్‌లో వెరిఫై కోడ్ 0 ఓకే అని వచ్చింది, తప్పు యాప్‌దే.

వాస్తవం: ఇది చాలామందికి తెలియని చోటు, అందుకే కాస్త ఎక్కువ చెప్తా. మీరు విడిగా అడిగితే తప్ప ఎస్-క్లయింట్ సర్టిఫికెట్‌లో ఉన్న పేరుని చెక్ చెయ్యదు, చెయిన్ (సర్వర్ సర్టిఫికెట్ నుంచి, దాన్ని ఇచ్చినవాళ్ల మీదుగా, క్లయింట్ నమ్మే రూట్ సర్టిఫికెట్ దాకా ఉండే వరుస) మాత్రమే చూస్తుంది. యాప్ మాత్రం పేరు కూడా చూస్తుంది. సర్టిఫికెట్‌లో సర్వర్ పూర్తి డొమైన్ పేరు ఉండి, యాప్ కాన్ఫిగ్‌లో ఎవరో ఐపీ అడ్రసో, చిన్న పేరో, లోడ్ బ్యాలెన్సర్ (కనెక్షన్లని సర్వర్లకి పంచేది) పేరో పెట్టి ఉంటే రిజెక్ట్ అవుతుంది, అవ్వాలి కూడా. జావా యాప్‌లు వాడేవాళ్లకి 2018 జులైలో ఇదే జరిగింది, జావా 8 అప్‌డేట్ 181 నుంచి ఎల్‌డాప్ కనెక్షన్లకి పేరు చెక్ డిఫాల్ట్‌గా ఆన్ అయింది, అంతకుముందు రోజు దాకా నడిచిన యాప్ అప్‌డేట్ తర్వాత ఆగిపోయింది, సర్వర్ వైపు ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే. క్లయింట్లు ఏయే పేర్లతో వస్తాయో అవన్నీ సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్‌లో (సర్టిఫికెట్‌లో ఉండే పేర్ల జాబితాలో) పెట్టించి సర్టిఫికెట్ మళ్లీ తీసుకోవడమే సరైన దారి.

ఇంకోటి, జావాకి తన సొంత ట్రస్ట్ స్టోర్ (నమ్మే సర్టిఫికెట్ల జాబితా) ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లో రూట్ సర్టిఫికెట్ చేర్చినంత మాత్రాన జావాకి తెలియాలని లేదు, "పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్" అని కనబడితే మొదట అక్కడ చూడండి. ఇక ఎస్-క్లయింట్‌లో వెరిఫై కోడ్ 21 వచ్చి, చెయిన్‌లో ఒకే ఒక్క సర్టిఫికెట్ కనిపిస్తే చాలాసార్లు సర్వర్ ఇంటర్మీడియట్ (రూట్‌కీ సర్వర్ సర్టిఫికెట్‌కీ మధ్యది) పంపట్లేదని అర్థం, 19 అయితే రూట్ వస్తోంది గానీ క్లయింట్ దాన్ని నమ్మట్లేదు, 10 అంటే గడువు అయిపోయింది.

అపోహ: క్లయింట్ సెట్టింగ్‌లో సర్టిఫికెట్ వెరిఫికేషన్ "నెవర్" అని పెట్టేస్తే అయిపోతుంది, లోపలి నెట్‌వర్కే కదా.

వాస్తవం: దయచేసి వద్దు. సింపుల్ బైండ్‌లో (మామూలు పాస్‌వర్డ్ లాగిన్‌లో) పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు వెళ్తుంది, దాన్ని కాపాడేది టీఎల్ఎస్ (కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) ఒక్కటే. వెరిఫికేషన్ తీసేస్తే మధ్యలో ఎవరైనా తన సర్టిఫికెట్ చూపించి మొత్తం పాస్‌వర్డ్‌లు తీసుకోవచ్చు, ఎన్‌క్రిప్షన్ ఉన్నా సరే, ఎందుకంటే మీరు ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతున్నదే వాడికి. ఈ ఒక్క రోజుకే అని పెట్టిన ఈ లైన్ సంవత్సరాల తర్వాత కూడా అలాగే ఉండటం నేను చాలా చోట్ల చూశాను, చూసిన ప్రతిసారీ బాధేసింది.

అపోహ: పోర్ట్ 389 అంటే ప్లెయిన్, 636 అంటేనే సెక్యూర్.

వాస్తవం: 389 మీద స్టార్ట్ టీఎల్ఎస్‌తో (మామూలుగా కనెక్ట్ అయ్యాక టీఎల్ఎస్‌కి మారడంతో) అదే సర్టిఫికెట్, అదే రక్షణ. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఎల్‌డాప్‌సెర్చ్‌లో (డైరెక్టరీలో వెతికే కమాండ్‌లో) ఒక పెద్ద జెడ్ (-Z) ఇస్తే టీఎల్ఎస్ కుదరకపోయినా ముందుకెళ్లిపోతుంది, రెండు (-ZZ) ఇస్తేనే కచ్చితంగా కావాలని అర్థం.

అపోహ: యాక్టివ్ డైరెక్టరీలో (మైక్రోసాఫ్ట్ వారి డైరెక్టరీ సర్వర్‌లో) సర్టిఫికెట్ ఇంపోర్ట్ చేస్తే చాలు.

వాస్తవం: లోకల్ కంప్యూటర్ పర్సనల్ స్టోర్‌లో ఉండాలి (మీ యూజర్ స్టోర్‌లో కాదు), ప్రైవేట్ కీ (సర్టిఫికెట్‌కి జతగా సర్వర్ దగ్గరే ఉండే రహస్య కీ) దాంతోపాటే రావాలి, సర్వర్ అథెంటికేషన్ ప్రయోజనం ఉండాలి. అక్కడ రెండు మూడు పనికొచ్చే సర్టిఫికెట్లు ఉంటే మీరు అనుకున్నదే వాడుతుందన్న గ్యారంటీ లేదు, అందుకే ఎన్‌టీడీఎస్ (యాక్టివ్ డైరెక్టరీ సర్వీస్) సొంత స్టోర్‌లో పెట్టేది, దానికే ముందు ప్రాధాన్యం. ఈవెంట్ లాగ్‌లో 1220 ఉంటే సర్టిఫికెట్ దొరకలేదని, 1221 అంటే దొరికిందని.

లినక్స్‌లో ఇలాంటిదే ఇంకోటి: కీ ఫైల్ రూట్ యూజర్‌కి (సిస్టమ్ అడ్మిన్‌కి) మాత్రమే చదివే పర్మిషన్‌తో ఉంటుంది, ఎల్‌డాప్ సర్వీసేమో వేరే యూజర్‌గా నడుస్తుంది. కాన్ఫిగ్ మారిస్తే ఎర్రర్ 80 అంటుంది, ఎందుకో చెప్పదు. సర్టిఫికెట్‌కీ కీకీ జత కుదరకపోయినా అదే 80.

అపోహ: గడువు క్యాలెండర్‌లో రాసుకున్నాం, చాలు.

వాస్తవం: ఒక్క రెప్లికా (అదే డేటా ఉన్న మరో డైరెక్టరీ సర్వర్) మర్చిపోతే అయిపోయింది, లాగిన్ కొన్నిసార్లు అవుతుంది కొన్నిసార్లు అవ్వదు, ఇంతకంటే ఏడిపించే ఫాల్ట్ ఇంకోటి లేదు. ప్రతి రెప్లికా పోర్ట్‌కీ విడివిడిగా కనెక్ట్ అయ్యి గడువు చదివే చిన్న స్క్రిప్ట్ రాసి రోజూ నడపండి, లోడ్ బ్యాలెన్సర్ పేరు మీద కాదు, ఒక్కో మెషిన్ మీద.