గోధుమకు ఎండ ఒక్కటే చాలదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయనగరం జిల్లాలో వరి కోతల తరువాత మినుము, పెసర, మొక్కజొన్న వేసే రైతులకు సలహాలు ఇవ్వడం నా పని. ప్రతి కార్తీకంలోనూ ఎవరో ఒకరు "గోధుమ వేస్తే పండదాండీ?" అని అడుగుతూనే ఉంటారు.

అపోహ: మనకు ఎండ పుష్కలం కాబట్టి దిగుబడి పంజాబు కంటే ఎక్కువే రావాలి.

వాస్తవం: వెలుతురు వరకు ఆ మాట నిజమే. డిసెంబరు చివర మన పగలు సుమారు 11 గంటలు, పంజాబులోని లూథియానాలో 10 గంటల పైన కొద్ది నిమిషాలే. అయితే ఆకు పట్టిన వెలుతురు గింజగా మారడానికి రోజులు కావాలి, ఆ రోజులను ఇచ్చేది చలి. 16 నుంచి 20 డిగ్రీల మధ్య మొక్క నిదానంగా ఎదిగి పిలకలు తొడుగుతుంది. మన వేడికి తొందరపడి, పిలకలు సరిగా రాకముందే వెన్ను (కంకి) తీస్తుంది. పూత వేళ 30 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని గింజలు తగ్గుతాయి. గింజ నిండే దశలో సగటు ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ఆ దశ రెండు మూడు రోజులు కుదించుకుపోతుంది. ఒక ఏడాది కుతూహలం కొద్దీ పెరటి మడిలో నవంబరు నెలాఖరున చల్లి చూశాను. మోకాలి ఎత్తుకే వెన్ను వచ్చింది. ఫిబ్రవరి చివర ఒక వెన్నును అరచేతిలో నలిపి ఊదితే పొట్టుతోపాటు సగం గింజలు ఎగిరిపోయాయి, మిగిలినవి జీలకర్రలా సన్నగా ఉన్నాయి.

అపోహ: గడ్డకట్టే చలి తగలనిదే గోధుమ వెన్ను తీయదు.

వాస్తవం: వెన్ను తీయడానికి వారాల తరబడి చలి కావాల్సింది ఐరోపాలో వేసే శీతాకాలపు గోధుమకు, దానికైనా గడ్డకట్టేంత చలి అక్కర్లేదు. మన దేశపు రకాలకు ఆ అవసరం లేదు, పూత మీద గడ్డకట్టే చలి తగిలితే నష్టమే.

అపోహ: మధ్యాహ్నపు ఎండను చూసుకుంటే చాలు, రాత్రితో పనిలేదు.

వాస్తవం: పగలు కూడబెట్టిన పిండిపదార్థంలో కొంత మొక్క రాత్రి శ్వాసక్రియకే ఖర్చు చేస్తుంది, రాత్రి వెచ్చబడేకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. భోగాపురం నుంచి శ్రీకాకుళం దాకా తీరం వెంబడి సముద్రం రాత్రులను అంతగా చల్లబడనివ్వదు.

అపోహ: నీరు పెడితే ఎండ ఏమీ చేయలేదు.

వాస్తవం: తడి పైరును కొంత చల్లబరుస్తుంది, అందుకే ఉత్తరాదిన గింజ పాలు పోసుకునే వేళ, గాలి లేనప్పుడు చూసి పలుచగా తడి ఇస్తారు. గాలిలో తడిపితే పైరు పడిపోతుంది. అయినా నీటి వసతి ఉన్న పంజాబు, హర్యానాల్లోనే 2022 మార్చి ఎండలకు గింజలు నొక్కుకుపోయాయి, మే 13న కేంద్రం గోధుమ ఎగుమతులను నిషేధించింది. తడి కంటే విత్తే తేదీ ముఖ్యం. అక్కడ నవంబరు తొలి పక్షంలో విత్తిన చేలో గింజ మార్చి ఎండ ముదిరేలోగా చాలావరకు గట్టిపడుతుంది. మనకు ఆ తేదీ దొరకదు: ముందుగా విత్తితే పిలకల దశ వేడిలో పడుతుంది, వరి కోసి విత్తితే గింజ నిండే దశ ఫిబ్రవరి ఎండకు చిక్కుతుంది.